సీప్లస్‌ప్లస్ అప్లికేషన్‌లో స్క్రిప్టింగ్ పెట్టాలి: లువానా, పైథానా, అసలు వద్దా?

తూకంబాబు
మాది చర్లపల్లిలో చిన్న ఆఫీసు, మొత్తం నలుగురం. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ చేస్తాం. అదే, ధర్మకాంటా. విండోస్ మీద సీప్లస్‌ప్లస్. లారీ కాంటా ఎక్కుతుంది, ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టులో బరువు వస్తుంది, ఖాళీ బండి బరువు తీసేసి చీటీ ప్రింట్ కొడతాం. ఇంతవరకు ఏ గొడవా లేదు.

గొడవంతా బరువు వచ్చాక మొదలవుతుంది. వడ్ల మిల్లులో తేమ 17 శాతం దాటితే తరుగు తీస్తారు. ఒక సేటు పైన ఉన్న ప్రతి శాతానికి క్వింటాలుకు ఒక కిలో అంటాడు. ఇంకొకాయన అర శాతం దాటినా పూర్తి శాతం కింద లెక్కేయమంటాడు. మూడో ఆయన గన్నీ సంచి బరువు సంచుల లెక్కన తీయమంటాడు, అదీ కొత్త సంచి అయితే ఒక రేటు, పాతదైతే ఇంకో రేటు. ప్రతి ఒక్కటీ నా కోడ్‌లో ఒక ఇఫ్. ఆ ఫైల్ ఇప్పుడు 4,300 లైన్లు, లోపల కస్టమర్ల పేర్లతోనే ఇఫ్‌లు ఉన్నాయి, నవ్వకండి. పోయిన వారం మిర్యాలగూడ మిల్లు కోసం ఒక లైన్ మారిస్తే నిజామాబాద్ మిల్లులో రెండు రోజులు తరుగు తప్పు పడింది.

చిన్న మార్పుకైనా కొత్త ఎగ్జీ, రాత్రి పదకొండుకి రిమోట్‌లో ఎక్కి పెట్టడం. అందుకే తరుగు లెక్క ఒక్కటీ స్క్రిప్టుగా, అంటే కంపైల్ అక్కర్లేని టెక్స్టు ఫైలుగా, బయట పెట్టి, దాన్ని చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రాం లోపల కూర్చోబెట్టాలని ఉంది. మా సార్ పైథాన్ అంటున్నారు. నేను లువా అనే చిన్న స్క్రిప్టు భాష గురించి చదివాను. రెండూ ఎప్పుడూ చేయలేదు. చేసినవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి_కోడర్
పైథాన్. ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో? సీప్లస్‌ప్లస్‌ని పైథాన్‌తో కలిపే పైబైండ్11 లైబ్రరీ పెట్టుకో, సాయంత్రానికి అయిపోతుంది.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
ఏ సాయంత్రమో చెప్పలేదు నాయనా.

పాతచింతకాయ
ఇంటర్‌ప్రెటర్ దేనికి? తరుగు లెక్కే కదా. డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టు: ఇంత నుంచి ఇంత తేమకి ఇంత తరుగు. సేటు గుమాస్తానే స్క్రీన్ మీద మార్చుకుంటాడు. నేను ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నా. దోమని కొట్టడానికి ఫిరంగి వద్దు.

తూకంబాబు
పాతచింతకాయ గారూ, ఆ ముచ్చట కూడా అయింది. టేబుల్‌తోనే మొదలుపెట్టాం. తర్వాత టేబుల్‌లో 'రౌండింగ్' అని ఒక కాలం (కాలమ్) వచ్చింది. తర్వాత 'షరతు' అని ఇంకోటి. ఇప్పుడు ఆ షరతు కాలంలో 'తేమ 17 కన్నా ఎక్కువ, సంచులు 200 లోపు' లాంటివి రాస్తున్నారు, దాన్ని విడదీసి అర్థం చేసుకోవడానికి నేనొక ఫంక్షన్ రాశాను. బ్రాకెట్లు వస్తే అది పని చేయదు.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
అంటే నీకు తెలియకుండానే సొంత భాష ఒకటి కనేశావు, పేరు పెట్టడమే తక్కువ. సిగ్గుపడక్కర్లేదు, లువా పుట్టిందే అలా. బ్రెజిల్‌లో రియో కేథలిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చేవాళ్ళు. డేటా ఎంట్రీ ఫారాల వర్ణనకి ఒక చిన్న భాష, రిపోర్టులు వేసే ప్రోగ్రాం కోసం సోల్ అని ఇంకో చిన్న భాష. వాడేవాళ్ళు ఆ రెండింట్లో షరతులు కావాలి, లూపులు కావాలి అని మొదలుపెట్టారు. ఇక లాభం లేదని 1993లో రెండూ తీసేసి ఒకటే భాష చేశారు. వాళ్ళ పోర్చుగీసులో సోల్ అంటే సూర్యుడు, అందుకని కొత్తదానికి చంద్రుడి పేరు పెట్టారు. లువా అంటే చందమామ.

నీ షరతు కాలం ఇప్పుడు సూర్యుడి దశలో ఉంది.

కూకట్‌పల్లి_కోడర్
కథ బాగుంది సార్, కానీ రేపు తూకంబాబు ఉద్యోగం మారితే ఆ స్క్రిప్టులు ఎవరు చూస్తారు? అమీర్‌పేటలో ఏ బోర్డు చూసినా పైథాన్ ఉంటుంది. లువా కోర్సు ఎక్కడైనా చూపించండి, ఇరానీ చాయ్ నాది.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
కోర్సు లేకపోవడానికి కారణం, నేర్పడానికి మూడు నెలలు సరిపడా సరుకు అందులో లేదు. శని, ఆదివారాలు చాలు. ఉస్మానియా బిస్కెట్ కూడా తెప్పించు.

అర్ధరాత్రి_బిల్డ్
పైథాన్‌ని ఎంబెడ్ చేసి, అంటే ప్రోగ్రాం లోపల కూర్చోబెట్టి, చేతులు కాల్చుకున్నవాణ్ణి, చెప్తా వినండి. ల్యాబు పరికరాల అప్లికేషన్, ఐదేళ్ల కిందట. నా లాప్‌టాప్‌లో అద్భుతంగా నడిచింది. కస్టమర్ మెషీన్‌లో డబుల్ క్లిక్ చేస్తే విండో రాకముందే చచ్చిపోతోంది. లాగ్‌లో ఒకటే లైను: ఎన్‌కోడింగ్స్ అనే మాడ్యూల్ లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాం. చివరికి తేలిందేంటంటే ఆ మెషీన్‌లో వేరే ఎవరో ఇంకో పైథాన్ వేసి, పైథాన్‌హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టిపోయారు. మన లోపలి పైథాన్ దాన్ని చూసి తన స్టాండర్డ్ లైబ్రరీ కోసం ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళింది. వెర్షన్ వేరు, పోయింది.

ఇప్పుడు దీనికి మందు ఉంది. పైథాన్ 3.8 నుంచి ఐసొలేటెడ్ కాన్ఫిగ్‌తో మొదలుపెడితే బయటి వేరియబుల్స్ పట్టించుకోదు. విండోస్‌కి ఎంబెడ్ చేసుకునే జిప్ కూడా విడిగా ఇస్తారు. అది పక్కన పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

మిగతా సగం జీఐఎల్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ నడపనిచ్చే తాళం. తూకంబాబు, నీకు సీరియల్ పోర్టు చదివే థ్రెడ్ ఒకటి, స్క్రీన్ థ్రెడ్ ఒకటి ఉంటాయి కదా. స్క్రీన్ థ్రెడ్ జీఐఎల్ పట్టుకుని ఇంకేదో పనిలో కూర్చుంటే, సీరియల్ థ్రెడ్ పైథాన్‌ని పిలవగానే అక్కడే నిలబడిపోతుంది. స్క్రీన్ మీద బరువు కదలదు. కింద లారీ డ్రైవర్ హారన్ కొడుతుంటాడు.

పైథాన్_పిల్ల
అర్ధరాత్రి అన్నా, అది పైథాన్ తప్పు కాదు కదా? పైథాన్ పని అయిపోగానే జీఐఎల్ వదిలేసి, వేరే థ్రెడ్‌లో కావాల్సినప్పుడు తీసుకోవాలి. డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. 3.12 నుంచి ఒక్కో సబ్-ఇంటర్‌ప్రెటర్‌కి సొంత జీఐఎల్ పెట్టుకోవచ్చు కూడా.

అర్ధరాత్రి_బిల్డ్
ఉందమ్మా, అన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి. ఏ ఫంక్షన్ ఇచ్చేది అరువు రిఫరెన్సు (మనం వదలక్కర్లేదు), ఏది సొంతం (మనమే వదలాలి), ఏది మన చేతిలోది లాక్కుంటుంది, అదీ ఉంది. లిస్టులోంచి ఐటెం తీస్తే అరువు, లిస్టులో పెడితే లాక్కుంటుంది. రాత్రి రెండింటికి ఈ తేడా గుర్తుండదు. పైబైండ్ వాడితే చాలావరకు అదే చూసుకుంటుంది, ఆ మాటలో కూకట్‌పల్లి తమ్ముడు కరెక్టే. ఇంకోటి: స్క్రిప్టు మార్చినప్పుడల్లా పైథాన్‌ని మూసి మళ్ళీ మొదలుపెడదాం అనుకోవద్దు. నంపై (పైథాన్‌లో పెద్ద లెక్కల లైబ్రరీ) లాంటివి లోడ్ అయి ఉంటే రెండోసారి క్రాష్ అవుతుంది.

నాకు ఆ అప్లికేషన్‌లో నంపై కావాలి, కాబట్టి పైథాన్ తప్పలేదు. తరుగు లెక్కకి నంపై ఎందుకు?

చిప్పులక్క
మేమంతా ఇక్కడ టీసీఎల్ అనే స్క్రిప్టు భాష మీద బతుకుతున్నాం, ఎవ్వరూ దాని పేరే ఎత్తరేంటి?

పాతచింతకాయ
అమ్మో, అది ఇంకా బతికే ఉందా?

చిప్పులక్క
మా చిప్ డిజైన్ టూల్స్ అన్నిటిలో అదే. టైమింగ్ షరతులు రాసినా, రిపోర్టు తీసినా టీసీఎల్. అసలు 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఔస్టర్‌హౌట్ అనే ప్రొఫెసర్ దాన్ని చేసిందే ఇందుకు. చిప్ డిజైన్ టూల్ రాసిన ప్రతిసారీ దానికొక అరకొర కమాండ్ భాష రాయాల్సి వస్తోందని, ఏ టూల్‌లోనైనా ఇమిడిపోయే భాష ఒక్కసారి చేసి పెట్టాడు. తూకంబాబు షరతు కాలం లాంటి బాధే. పైథాన్ వాళ్ళు నవ్వే ముందు ఒక సంగతి: విండోలు గీసే మీ టికింటర్ మాడ్యూల్ లోపల నడిచేది టీసీఎల్ ఇంటర్‌ప్రెటరే.

అయినా తూకంబాబుకి సిఫారసు చేయను. ఒక బ్రాకెట్ తప్పితే ఎర్రర్ ఇంకెక్కడో చూపిస్తుంది. నాకు అలవాటైంది గానీ, సేటు గుమాస్తాకి కాదు.

కాంటా_సీలు
లాంగ్వేజ్ గొడవలో అసలు విషయం మర్చిపోతున్నారు. నేను పదేళ్లు కాంటాల సర్వీసింగ్‌లో ఉన్నా. తూనికలు కొలతల వాళ్ళు వచ్చి చూసి సీలు వేసేది తూకానికి. మీ స్క్రిప్టు చేతికి ఆ తూకాన్ని మార్చే దారి ఉందంటే, నువ్వు మంచోడివైనా రేపు ఒక సేటు ఎవడో కుర్రాణ్ణి పట్టుకుని అందులో బరువు కూడా దిద్దిస్తాడు. రైతు చీటీ చూసుకుని ఇంటికి పోతాడు, పాపం ఆయనకేం తెలుస్తుంది. పట్టుకుంటే మీ సాఫ్ట్‌వేర్ పేరే బయటికి వస్తుంది.

తూకంబాబు
ఇది నేను అనుకోలేదు సార్. నా ప్లాన్‌లో లారీ ఆబ్జెక్టు మొత్తం స్క్రిప్టుకి ఇచ్చేద్దామనే ఉంది, బరువుతో సహా.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
కాంటా_సీలు గారి మాట పట్టుకో. ఆబ్జెక్టు ఇవ్వకు. అంకెలు ఇవ్వు: నికర బరువు, తేమ, సంచులు, సంచి రకం. ఈ నాలుగూ ఇన్‌పుట్లు. బయటికి వచ్చేది ఒక్కటే, తరుగు ఎన్ని గ్రాములు అని. దాన్ని నీ సీప్లస్‌ప్లస్ వైపు సరిచూడు: సున్నా కన్నా తక్కువ ఉండకూడదు, నికర బరువులో ఇంత శాతం దాటకూడదు. చీటీ మీద అసలు తూకం ఒక లైన్, తరుగు ఇంకో లైన్. స్క్రిప్టు ఏం చేసినా మొదటి లైన్ మారదు.

అలాగే లువాలో ఓపెన్‌లిబ్స్ అని ఒక్క దెబ్బకి లైబ్రరీలన్నీ తెరవకు. మ్యాథ్, స్ట్రింగ్, టేబుల్ చాలు. ఓఎస్, ఐవో తెరిచావంటే స్క్రిప్టులోంచి ఫైళ్ళు తుడిచేయొచ్చు. బేస్ లైబ్రరీ తెరిచినా అందులోని లోడ్‌ఫైల్, డూఫైల్ తీసెయ్. స్క్రిప్టు లోడ్ చేసేటప్పుడు టెక్స్ట్ మాత్రమే ఒప్పుకునే మోడ్ పెట్టు, బైట్‌కోడ్ (ముందే కంపైల్ చేసిన స్క్రిప్టు) వద్దు. చెడగొట్టిన బైట్‌కోడ్‌తో ఇంటర్‌ప్రెటర్‌నే క్రాష్ చేయొచ్చు.

పైథాన్‌లో ఇలా తలుపులు మూయడం కుదరదు. పాతకాలంలో ఆర్ఎగ్జెక్ అని ఒక మాడ్యూల్ ఉండేది, భద్రత లేదని వాళ్ళే తీసేశారు. నా వరకు ఈ కేసులో లువా అనడానికి కారణం ఇదొక్కటే, సైజు కాదు. సైజు కూడా చిన్నదే అనుకో, మొత్తం సోర్సు సుమారు 30 వేల లైన్ల సీ.

కూకట్‌పల్లి_కోడర్
సరే, ఈ పాయింట్ ఒప్పుకుంటున్నా. చాయ్ మాత్రం ఇవ్వను, బోర్డు చూపించలేదు.

నాలుగో_అంతస్తు
స్క్రిప్టులో ఎవడైనా ఆగని లూపు రాస్తే? మా ఆఫీసులో రెడిస్ అనే డేటాబేస్ లోపల లువా స్క్రిప్టు ఒకటి ఇలాగే తిరిగింది, మిగతా క్లయింట్లందరికీ బిజీ అని వచ్చింది. ఐదు సెకన్లు దాటితే అదే చంపేస్తుందనుకున్నాం. చంపదు! ఐదు సెకన్లు దాటాక బిజీ అని చెప్పడం మొదలుపెడుతుంది, అంతే. చంపాల్సింది మనమే, అదీ ఆ స్క్రిప్టు అప్పటికి ఏమీ రాసి ఉండకపోతేనే.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
లువాలో సెట్‌హుక్ ఉంది. ఇన్ని ఇన్‌స్ట్రక్షన్లకి ఒకసారి నన్ను పిలువు అని చెప్పుకోవచ్చు. తరుగు లెక్కకి పది లక్షలు దాటాయంటే ఏదో తేడా ఉన్నట్టే, హుక్‌లోంచి ఎర్రర్ విసిరెయ్.

అర్ధరాత్రి_బిల్డ్
అది పూర్తి కాపలా కాదు శాస్త్రి గారూ. ఒక అక్షరాన్ని వంద కోట్ల సార్లు రిపీట్ చెయ్ అని స్ట్రింగ్ ఫంక్షన్‌ని పిలిస్తే అది ఒక్క ఇన్‌స్ట్రక్షనే, పనంతా సీ ఫంక్షన్ లోపల జరుగుతుంది. హుక్‌కి వాసన కూడా రాదు, మెమరీ మాత్రం గోవిందా. దానికి సొంత అలొకేటర్ (మెమరీ ఇచ్చే ఫంక్షన్) ఇచ్చి, ఇన్ని ఎంబీ దాటితే లేదు పొమ్మనాలి.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
నిజమే, రెండూ ఉండాలి.

తూకంబాబు
లువాలో స్క్రిప్టుని పిలవడానికి పీకాల్ అని ప్రతిచోటా కనిపిస్తోంది. కాల్‌కి పీకాల్‌కి తేడా ఏంటి?

పాతచింతకాయ
కాల్ వాడితే తర్వాత జుట్టు పీక్కోవాలి, పీకాల్ వాడితే అక్కర్లేదు.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
హాస్యానికన్నా అర్థం సరిగ్గా అదే. పీ అంటే ప్రొటెక్టెడ్. స్క్రిప్టులో ఎర్రర్ వస్తే పీకాల్ దాన్ని పట్టుకుని నీకు కోడ్, మెసేజ్ ఇస్తుంది. మామూలు కాల్ వాడితే, పైన పట్టుకునేవాళ్ళెవరూ లేకపోతే, ప్రోగ్రాం మొత్తం అబార్ట్.

ఇంకో గుంట ఉంది. లువాని సీగా కంపైల్ చేస్తే ఎర్రర్ లాంగ్‌జంప్‌తో, అంటే మధ్యలోని ఫంక్షన్లని దాటేసి, ఎగురుతుంది. నేను లైనక్స్‌లో జీసీసీతో చేసినప్పుడు, స్క్రిప్టు నుంచి పిలిచే ఒక సీప్లస్‌ప్లస్ ఫంక్షన్‌లో ప్రింటర్‌కి లాక్ తీసుకుని, పేపర్ లేదని లువా ఎర్రర్ విసిరాను. ఫంక్షన్ ముగిసేటప్పుడు లాక్ వదలాల్సిన డిస్ట్రక్టర్ నడవలేదు. రెండో చీటీకి ప్రింటర్ బిగుసుకుపోయింది. స్క్రిప్టుదేమీ తప్పులేదు, నేను వేసిన తాళం తాళంగానే ఉండిపోయింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ లాంగ్‌జంప్‌కి కూడా డిస్ట్రక్టర్లు నడుపుతుంది కాబట్టి విండోస్‌లో నీకిది కనిపించకపోవచ్చు. అయినా దాన్ని నమ్ముకోకు. లువా సోర్సునే సీప్లస్‌ప్లస్‌గా కంపైల్ చెయ్, అప్పుడది ఎక్సెప్షన్లు వాడుతుంది.

చిప్పులక్క
లువాలో లిస్టు లెక్క సున్నా నుంచి కాదు, ఒకటి నుంచి మొదలని మీ సార్‌కి చెప్పావా?

కాంటా_సీలు
సేటుకి అదే కరెక్టమ్మా. సున్నా నంబరు సంచి ఎక్కడుంటుంది?

తూకంబాబు
మూడు వారాల తర్వాత వచ్చా. సార్‌ని ఒప్పించా, లువా 5.4 పెట్టాం. మూడు మిల్లుల్లో నడుస్తోంది. 4,300 లైన్లు 600కి దిగాయి, ఒక్కో మిల్లు స్క్రిప్టు ముప్పై నలభై లైన్లు. దెబ్బలు కూడా చెప్తా.

మొదటి రోజే చీటీ మీద 'సంచులు: 120.0' అని పడింది. గుమాస్తా ఫోన్ చేసి 'ఆ పాయింట్ సున్నా సంచి ఎవరిది సార్' అన్నాడు. స్క్రిప్టులో 240ని 2తో భాగించాను. లువా 5.3 నుంచి పూర్ణాంకాలు వేరు, దశాంశాలు వేరు అట. ఒక స్లాష్‌తో భాగిస్తే ఎప్పుడూ దశాంశమే వస్తుంది. రెండు స్లాష్‌లు పెట్టాక సరిపోయింది. డబ్బులు కూడా పైసల్లో, బరువులు గ్రాముల్లో పూర్ణాంకాలుగా పెట్టేశా.

రెండోది గట్టి దెబ్బ. మిల్లులో ప్రోగ్రాం రెండు రోజులకోసారి ఉన్నట్టుండి పోయేది, ఎర్రర్ మెసేజ్ కూడా లేకుండా. పొద్దున్నే రీస్టార్ట్ చేసిన రోజు బాగుండేది. నా మెషీన్‌లో ఎన్నిసార్లు చేసినా రాలేదు. చివరికి ప్రతి లారీ తర్వాత గెట్‌టాప్, అంటే లువాకి మనకి మధ్య విలువలు మారే స్టాక్ మీద ఎన్ని ఉన్నాయో, లాగ్ చేశా. మొదటి లారీకి 1, రెండో లారీకి 2, మూడో లారీకి 3. జవాబు చదువుకుంటున్నా గానీ స్టాక్ మీంచి తీయట్లేదు! మిల్లులో సీజన్, లారీల వరస. నా టేబుల్ మీద రోజుకి నాలుగు లారీలు.

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
లువాని మనం పిలిచే తీరులో తప్పులు పట్టే ఏపీఐ చెక్ ఆన్ చేసి డీబగ్ బిల్డ్ నడిపి ఉంటే ఇరవై లారీలు కూడా దాటనిచ్చేది కాదు. స్టాక్‌లో లువా నీకు గ్యారంటీ ఇచ్చేది ఇరవై గదులే, ఎక్కువ కావాలంటే చెక్‌స్టాక్‌తో అడగాలి. అడక్కుండా తోస్తూ పోతే రిలీజ్ బిల్డ్‌లో ఎవరూ ఆపరు, పక్కవాడి మెమరీ మీద పడుతుంది. ఫంక్షన్ మొదట్లో టాప్ ఎంతుందో దాచుకుని, బయటికి వచ్చే ప్రతి దారిలో సెట్‌టాప్‌తో అక్కడికే తెచ్చెయ్. లేదా సోల్2 అనే సీప్లస్‌ప్లస్ లైబ్రరీ వాడు (ఆ పాత సోల్ భాష కాదు), స్టాక్ అదే చూసుకుంటుంది.

తూకంబాబు
ఏపీఐ చెక్ పెట్టి చూశా. పద్నాలుగో లారీకే అసర్ట్ కొట్టింది. ముందే అడగాల్సింది.

పైథాన్_పిల్ల
స్క్రిప్టులు ఎవరు మారుస్తున్నారు? సేటు మనుషులా, మీరా?

తూకంబాబు
ప్రస్తుతానికి మేమే. గుమాస్తాకి చూడనిస్తాం, మార్చనివ్వం. అయితే నిన్న కొత్త గొడవ. ఒక రైతు చీటీ పోగొట్టుకుని మళ్ళీ అడిగాడు. పాత లారీ తీసి రీప్రింట్ కొడితే తరుగు 38 కిలోలకి బదులు 52 వచ్చింది. మధ్యలో సేటు రేటు మార్పించాడు, స్క్రిప్టు కొత్తది, ప్రోగ్రాం రీప్రింట్‌కి మళ్ళీ లెక్కేసింది. రైతు ఫోన్‌లో పాత చీటీ ఫోటో ఉంది. ఆఫీసు ముందు పది మంది పోగయ్యారు.

కాంటా_సీలు
ఫోటో ఉంది కాబట్టి బతికావు. లేకపోతే?

పాతచింతకాయ
ఇక్కడ మాత్రం నా టేబులే దిక్కు. వచ్చిన తరుగు, అప్పటి స్క్రిప్టు మొత్తం టెక్స్టు, రెండూ టేబుల్‌లో ఆ లారీ వరసలోనే (రో) దాచు. రీప్రింట్ అంటే దాచింది చూపించడమే, మళ్ళీ లెక్కేయడం కాదు. ఇన్వాయిస్ మళ్ళీ తీస్తే ఈ రోజు ధర వేస్తామా?

సెగ్‌ఫాల్ట్_శాస్త్రి
పాతచింతకాయ గారికి చాయ్ నా తరఫున. స్క్రిప్టు టెక్స్టు ఒక్కో లారీకి కాకుండా విడి టేబుల్‌లో ఒకసారి దాచి, లారీ వరసలో దాని నంబరు పెట్టుకుంటే చాలు.

తూకంబాబు
రెండు కాలాలు కలుపుతున్నా. పాత 1,900 లారీలకి తరుగు చీటీల కార్బన్ కాపీల నుంచి ఎక్కించాలి, గుమాస్తా పుస్తకాలు పంపిస్తానన్నాడు. మిల్లు నుంచి ఫోన్ వస్తోంది, కాంటా మీద లారీ ఉందట. మళ్ళీ వస్తా.